గంగమ్మ ఆగిన చోటు

మా చెరువులో ఒక కొర్రమీను బర్రె మెడలోని గంట మింగిందని, వాన పడ్డప్పుడల్లా నీళ్ళ కింద ఆ గంట మోగుతుందని నా క్యాబ్ ఎక్కిన సాఫ్ట్‌వేర్ పిల్లలకు ఏళ్ళ తరబడి చెబుతున్నాను. హైటెక్ సిటీ జామ్‌లో ఇరుక్కుంటే ఏదో ఒకటి మోగించాలి గదా. ఒకమ్మాయి నిజంగానే ఆదివారం పూట వచ్చి పొద్దుగూకేదాకా కట్టమీద కూర్చుంది. వినపడిందని కూడా అన్నది. నా అబద్ధాలకు ఎన్నడూ గిరాకీ తగ్గలేదు. ఇప్పుడు చెప్పబోయేది మాత్రం తీసుకునేవాళ్ళు లేక నా దగ్గరే పడి ఉంది.

చెరువు గోపన్‌పల్లికి అవతల. దాని శిఖంలో, అంటే నీళ్ళు నిండితే మునిగి ఎండలు ముదిరితే తేలే నేలలో, మా అన్నకు చిన్న ముక్క ఉండేది. నాయన ఇచ్చింది. అక్కడ ఇల్లు కట్టకూడదు, పంట వేసుకోవచ్చు. నీళ్ళు వెనక్కి గుంజుకుంటుంటే అన్న వాటి వెంటే దిగుతూ విత్తనం చల్లేవాడు. ఇవాళ తేలిన బురదలో మెంతి, మొన్న తేలినదాంట్లో పాలకూర, ఆ పైన కొత్తిమీర. ఎరువు అడగని నేల. వదిన తెల్లారగట్ల కోసి, కట్టలు కట్టి, చందానగర్ మార్కెట్‌లో అమ్మేది. ఇద్దరికీ బతుకు అదే. నేనంటే స్టీరింగ్ పట్టుకుని బయటపడ్డాను. అన్నకు వేరే పని రాదు.

మా ఇంట్లో ఒక ఆనవాయితీ ఉంది. వానాకాలం నీళ్ళు ఎక్కడిదాకా వచ్చి ఆగితే అక్కడ రాయి నిలబెట్టి, పసుపు పూసి, కొబ్బరికాయ కొడతాం. గంగమ్మ అంతవరకు వచ్చింది కనుక అది ఆమె జాగా. ఆమె లేచి పోయేదాకా రాయి దాటి విత్తనం వేయం. మంచి వానలు పడ్డ ఏడు ఆ రాయి చేను నడిమిట్ల నిలబడేది.

తర్వాత అవతలి ఒడ్డున టవర్లు లేచాయి. సెల్లార్లకు తవ్విన రాళ్ళూ ఎర్రమట్టీ టిప్పర్లలో తెచ్చి ఆ ఒడ్డునే ఉన్న అలుగు మీద పోశారు. అలుగంటే నిండిన చెరువు పొర్లిపోయే దారి. దొంగపనికి చీకటి కావాలంటారు గాని, వీళ్ళు పట్టపగలు, మధ్యలో చాయ్ తాగుతూ పోశారు. మేము అడగబోతే అక్కడి సూపర్‌వైజర్ కుర్చీలు కూడా వేయించాడు. ఆ ఏడు వానలకు నీళ్ళు పోయే తొవ్వలేక మా వైపు తిరిగాయి. చేను మొత్తం మునిగి, దాని పైనున్న మోటారు కొట్టు గడప తడిసింది.

అన్న ఏడవలేదు. ఇంత పైకి గంగమ్మ ఎన్నడూ రాలేదని, తడిబట్టలతోనే పోయి గడప పక్కన రాయి నిలబెట్టాడు. వదిన బోనం వండింది. నేనూ మొక్కాను.

ఆ నెలలోనే చెరువు హద్దులు గుర్తించడానికి సర్వేవాళ్ళు వచ్చారు. పెద్దాయన కోస్తావైపు మనిషి, మెత్తగా మాట్లాడతాడు. ముందు అవతలి ఒడ్డు చూశాడు. పోసిన మట్టి అణిగి, లారీలు తిరిగేంత గట్టినేల. ఇటు వచ్చి పసుపు రాయి ముందు ఆగి, ఏమిటండీ ఇది అని అడిగాడు. అన్న చెప్పులు పక్కన విడిచి, గంగమ్మ ఇక్కడిదాకా వచ్చిందని ఎంతో గొప్పగా చెప్పాడు.

నేను అన్నను పక్కకు గుంజాను. ఈ ఒక్క ఏడే ఇంత పైకి వచ్చిందని, అలుగు మూస్తేనే వచ్చిందని చెప్పమన్నాను. లేకుంటే ముక్క పోతుందన్నాను.

"మొక్కిన నోటితోటి, ఇది నీ జాగ కాదు పో అని ఎట్లంటరా?"

"అన్నా, జర సోయి తెచ్చుకో. అమ్మను అనకు, మట్టిని అను."

"మట్టి సంగతి నువ్వు చెప్పు. నీకు మాటలొస్తయి గద."

చెప్పాను. అలుగు ఎక్కడుండేదో, నీళ్ళు ఎట్లా తిరిగాయో చేయి చాపి చూపించాను. టేపు పట్టుకున్నవాడు నవ్వాడు. వాడు పొద్దున చాయ్ హోటల్లో నా కొర్రమీను కథ విన్నాడు. పెద్దాయన నవ్వలేదు.

"మీ అన్నగారే చెబుతున్నారు కదండీ. పూజ కూడా చేశారు. ఇంక నేనేం రాయను?"

హద్దు స్తంభం మోటారు కొట్టు పక్కన పాతారు. మా చేను మొత్తం చెరువు లెక్కలోకి పోయింది. అవతల ఎండి ఉంది కాబట్టి చెరువు కాదట. ఇవతల తడిగా ఉంది కాబట్టి చెరువేనట. ఆఫీసుల చుట్టూ తిరిగాం. చెరువును కాపాడుతుంటే సంతోషించక ఈ గొడవేంది అన్నారు.

అయినా అన్న ఎండాకాలం కోసం చూశాడు. చెరువని రాసుకుంటే రాసుకోనీ, నీళ్ళు గుంజుకుంటే నేల తేలదా అన్నాడు. మెంతులు, ధనియాలు మూటకట్టి పెట్టుకున్నాడు. ఎండలు ముదిరాయి గాని నీళ్ళు కదల్లేదు. టవర్లలో జనం దిగారు, వాళ్ళ బాత్‌రూముల నీళ్ళన్నీ పైపులో చెరువుకే చేరాయి. ఏడాది పొడుగూ నిండుగా, నల్లగా, నురగ కట్టి. అన్న రోజూ పోయి, ఒడ్డున కాలు ముందుకు పెట్టబోయి వెనక్కి తీసుకునేవాడు. కొన్నాళ్ళకు పోవడమే మానేశాడు.

వదిన మాత్రం మార్కెట్ మానలేదు. ఎవరో పండించిన పాలకూర టోకున కొని, వాళ్ళ కట్టలు విప్పి, తన తీరులో మళ్ళీ కట్టి అమ్ముతున్నది. మొన్న నేను అక్కడ ఉండగా, ఏళ్ళుగా కొనే ఒకావిడ కట్ట ఎత్తి వాసన చూసి, మీ చేనిదేనా అమ్మా అని అడిగింది.

వదిన నావైపు చూడలేదు. ఆకుల మీద నీళ్ళు చిలకరిస్తూ, "మాదేనమ్మా, పొద్దుగాల్నే కోసినం" అన్నది.

ఆవిడ రెండు కట్టలు సంచిలో వేసుకుంది.