మొప్ప ఎత్తి కొన్న మోటారు

కామమ్మ చేపను మొప్ప ఎత్తి చూడందే గంపలో వేయదు. చేపే కాదు, చీరైనా, చెప్పులైనా, ఆఖరికి పెళ్లి సంబంధమైనా సరే, పైపై మెరుపు చూసి మోసపోయే మనిషి కాదు. పులికాట్ సరస్సు ఒడ్డున ఉన్న ఆ ఊళ్లో ఎండు చేపల బేరం చేసి, ట్రాలీ ఆటో కొని, తానే నడుపుకుంటూ తెల్లారేసరికి తడ బజారులో వాలిపోయే ఆడమనిషి ఆమె ఒక్కతే. యాభై ఆరేళ్లు. ఆమె హారన్ కొడితే దారిలో పడుకున్న బర్రెలు కూడా లేచి పక్కకు పోతాయి.

అలాంటి కామమ్మను నాలుగు నెలలుగా ఒక ఇనుప షట్టర్ ఏడిపిస్తోంది. ఇంటిని ఆనించి కట్టించిన బండి షెడ్డుది. ఉప్పుగాలికి తుప్పు పట్టి బిగుసుకుపోయింది. ఈమెకేమో కుడి భుజం పట్టేసి చెయ్యి పైకి లేవడం లేదు. మొగుడు తెల్లవారకముందే చేపల వేటకు పోతాడు. ఇక దిక్కు మరిది నరసయ్యే. రోజూ ఐదింటికి అతన్ని లేపాలి. అతగాడు ఆవలిస్తూ వచ్చి, ఒక్క ఊపున షట్టర్ ఎత్తి, చేతులు దులుపుకుని, వీధి వీధంతా వినబడేలా అనేవాడు: "నేను లేకుంటే నీ బండి కదల్దు గదా వదినా! ఈ వయసులో నీకెందుకీ తిప్పలు? బండి నాకిచ్చేసి ఇంట్లో కూర్చోరాదా?"

ఆ మాట వినీ వినీ కామమ్మకు ఒళ్లు మండిపోయింది. షట్టర్‌కు మోటారు పెట్టిస్తే తప్ప బండి తన చేతిలో మిగలదని తేలిపోయింది.

ముందు నెల్లూరులో ఒక పెద్ద షాపుకు వెళ్లింది. టై కట్టుకున్న సేల్స్‌మన్ క్రాంతి కుమార్ ఆమెకు కూల్‌డ్రింక్ ఇచ్చి, రిమోట్ నొక్కి అద్దాల గదిలోని షట్టర్‌ను పైకీ కిందికీ ఆడించాడు.

"తిరుపతిలో కూర్చుని ఫోన్లో నొక్కినా మీ ఇంట్లో తెరుచుకుంటుంది మేడమ్!"

"నేను తిరపతిలో ఉంటే ఈడ తెరుచుకునేదెందుకు నాయనా, దొంగల కోసమా? కొత్తది ఎవరైనా చూపిస్తారు. మూడేళ్లు ఉప్పుగాలి తిన్నది ఒకటి చూపించు."

అతను క్యాటలాగ్ చూపించాడు.

చిల్లకూరులో హైవే షాపులకు షట్టర్లు బిగించే క్రీస్తుదాసునూ అదే అడిగింది. అతను మారుమాట లేకుండా బైకెక్కి, సముద్రం ఒడ్డునున్న ఐస్ ఫ్యాక్టరీకి తీసుకెళ్లాడు. అక్కడి మోటారు మీద పెయింటంతా పొలుసుల్లా లేచిపోయి ఉంది, చూడబోతే దరిద్రం. కామమ్మ స్విచ్చి ఆపించి, మూత విప్పించి, లోపల వేలు పెట్టి చూసింది. గ్రీజు అంటింది గానీ తుప్పు అంటలేదు.

"అయిదేళ్లయిందక్కా," అన్నాడు క్రీస్తుదాసు. "రోజుకు నలభై సార్లు ఎక్కి దిగతాది."

అయినా ఆమెకు నమ్మకం కుదరలేదు. మోటారును చూసింది సరే, అమ్మే మనిషిని చూడొద్దూ? మర్నాడు పక్కింటి పెంచలమ్మ ఫోన్ తీసుకుని, గొంతు మార్చి ఇద్దరికీ చేసింది. "అబయా, పోయినేడు నీ దగ్గర మోటారు కొన్నా. షట్టర్ లేవడం లేదు. బండి లోపలే ఇరుక్కుపోయిండాది!"

క్రాంతి కుమార్ కంప్లైంటు నంబరు వేరే అన్నాడు. ఆ నంబరు అరగంట పాటు సంగీతం వినిపించి కట్టయిపోయింది. క్రీస్తుదాసు పేరు కూడా అడగలేదు. "ముందు పక్కనుండే గొలుసు లాగక్కా, షట్టర్ లేస్తాది. బండి తీసుకోని నీ పని చూసుకో. మజ్జానానికి నేనొస్తా. ఏ ఊరు?"

కామమ్మకు నవ్వూ వచ్చింది, సిగ్గూ వేసింది. "ఇంకా కొన్లేదులే నాయనా, రేపు తెచ్చి బిగించు," అని అసలు గొంతు బయటపెట్టింది.

బిగించాడు. కరెంటు పోతే పనికొస్తుందని బ్యాటరీ పెట్టాడు. ఏదైనా అడ్డమొస్తే షట్టర్ ఆగి మళ్లీ పైకి పోయేలా కింద సెన్సార్ పెట్టాడు. అక్కడే వచ్చింది తంటా. ఎండు నెత్తళ్ల గంపలు ఉండేదీ ఆ షెడ్డులోనే. సాయంత్రం రిమోట్ నొక్కితే షట్టర్ సగం దిగి మళ్లీ పైకి పోయింది. మళ్లీ నొక్కితే మళ్లీ అంతే. గుమ్మంలో నాలుగు పిల్లులు పెళ్లివారి చుట్టాల్లా తీరిగ్గా అటూ ఇటూ తిరుగుతున్నాయి.

ఎదురరుగు మీద నరసయ్య పొట్ట పట్టుకుని నవ్వాడు. "పిల్లులకు సలాం కొట్టే మోటారు తెచ్చినావే వదినా! రేప్పొద్దున నన్నే పిలుస్తావు, చూడు."

కామమ్మ పళ్లు కొరుక్కుంటూ గంపలన్నీ వంటింట్లోకి చేరవేసింది. అప్పుడు దిగింది షట్టర్.

మర్నాడు ఐదింటికి ఇంట్లోంచి షెడ్డులోకి వెళ్లి, సరుకెత్తి, బండిలో కూర్చుంది. సరిగ్గా అప్పుడే లైటు ఆరిపోయింది. బయట ఎవరో దగ్గారు. పిలుపు కోసం కాచుకున్న దగ్గు అది. కామమ్మ దేవుడికి దండం పెట్టుకుని రిమోట్ నొక్కింది.

షట్టర్ గరగరమంటూ లేచింది. వీధి దీపం వెలుగులో ముందు రెండు కాళ్లు కనిపించాయి, తర్వాత లుంగీ, తర్వాత చేతిలో ఫ్యూజు, ఆ పైన నోరు తెరుచుకున్న నరసయ్య మొహం.

"ఫ్యూజు కాలిపోయిందేమోనని చూస్తుండా వదినా..."

"చూసింది చాల్లే. పీకిన చోటే పెట్టేయ్. మీయన్న వేటనుంచి వచ్చి ఫ్యాను వేసుకోవద్దా?"

నరసయ్య తల గోక్కున్నాడు. నాలుగు నెలల అలవాటు నోటికి పట్టేసిందేమో, "రేపు ఎన్ని గంటలకు రమ్మంటావు?" అని అడిగాడు.

కామమ్మకు ఎక్కడలేని సంతోషం ముంచుకొచ్చింది. బండి స్టార్ట్ చేసి, బయటికి తెచ్చి, అతని పక్కన ఒక్క క్షణం ఆపింది.

"రాబళ్లేదు నాయనా. కంటినిండా నిద్రపో."