పదకొండు స్ప్రేయర్లు, ఒకే బిల్లు

లా పాసై బార్ కౌన్సిల్‌లో పేరు నమోదయ్యాక, నాలుగేళ్ల కిందట జూలైలో ఒక సోమవారం, చోడవరంలో జగ్గారావు గారి ఆఫీసులో జూనియర్‌గా చేరాను. ఆయన ముప్పై ఏళ్లుగా సివిల్ కేసులు చూస్తున్న న్యాయవాది. ఎక్కువగా భూమి తగాదాలు. అప్పుడప్పుడు విశాఖపట్నంలోని జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఒకటో రెండో ఫిర్యాదులు. జూనియర్ పని వినడం, రాయడం, ఫైళ్లు మోయడం. వాదించడం చాలా తర్వాత వస్తుంది. అది నాకు అనుకూలంగానే ఉండేది. నలుగురిలో నోరు విప్పడం నాకు కష్టం, రాయడం కాదు.

మూడున్నరేళ్లు చేసి ఆ వృత్తి వదిలాను. ఇప్పుడు ఒక కాలేజీలో లైబ్రరీ చూసుకుంటున్నాను. పెద్ద ఉద్యోగాలు చేసి రిటైరైనవాళ్లు రాసే తరహాలో ఈ వయసులో రాయడం కొంచెం ఎబ్బెట్టుగానే ఉంది. కానీ నేను లా చదివానని తెలిసిన పిల్లలు, కంపెనీల మీద కేసులు వేస్తే కొన్నవాళ్లకు నిజంగా ఏమైనా ఒరుగుతుందా అని అడుగుతుంటారు. అడిగినప్పుడల్లా నాకు ఒకే కేసు గుర్తొస్తుంది. అప్పటి డైరీ ముందు పెట్టుకుని రాస్తున్నాను.

వాళ్లు వచ్చింది నా రెండో ఏడు, చెరకులో కలుపు మందు కొట్టే రోజుల్లో. వడ్డాది దగ్గర ఒక పల్లె వాళ్లు. ముందు అప్పలనాయుడు, వెనక నూకరత్నం, ఆమె భర్త దేముడు. నూకరత్నం చంకన, వీపుకు తగిలించుకునే బ్యాటరీ స్ప్రేయర్ ఉంది. దాన్ని నా బల్ల మీద పెట్టి, చెంబెడు నీళ్లు అడిగి ట్యాంకులో పోసి, ‘సూడండి’ అంది. వీపుకు ఆనే వైపు, అడుగున అతుకు దగ్గర, ముందు చెమట పట్టినట్టు తడి కనిపించింది. నేను ఫైళ్లు పక్కకు తీసేలోపు బల్ల తడిసిపోయింది. నీళ్లకు బదులు కలుపు మందైతే ఏమవుతుందో దేముడు తెచ్చిన ఆసుపత్రి కాగితాల్లో ఉంది. అతను పన్నెండు రోజులు బోర్లా పడుకున్నాడు.

ఆ పల్లెలో పదకొండు కుటుంబాలు అదే కంపెనీ స్ప్రేయర్లు, ఒకే రోజు, వడ్డాదిలో ఒకే దుకాణంలో కొన్నాయి. పదకొండూ కారుతున్నాయి. దుకాణదారు కంపెనీని అడగమన్నాడు. కంపెనీ ఫోను ఎత్తలేదు.

ఫిర్యాదులో మూడు కోరాం. స్ప్రేయర్లన్నీ మార్చి ఇవ్వాలి. దేముడి వైద్యం ఖర్చు ఇవ్వాలి. ఆ రకం స్ప్రేయర్ కొన్న ప్రతి ఒక్కరికీ కంపెనీ ఈ లోపం గురించి తెలియజేయాలి. మూడోది నూకరత్నం అడిగింది. ‘వడ్డాది సంతకి ఎన్నూళ్లోళ్లు వస్తారో మాకేటి తెలుసు? ఎవుడెవుడు కొన్నాడో కంపినీకే తెలియాలి. ఇప్పుడు ఎవుడి ఈపు మీద కారతందో’ అంది. జగ్గారావు గారు నా వైపు చూసి, ‘అది కూడా రాయమ్మా’ అన్నారు.

ఫిర్యాదు రాసే పని నాది. సాక్ష్యంగా ఒకే బిల్లు ఉంది, అప్పలనాయుడి పేర, పదకొండు స్ప్రేయర్లకు. మా వైపు పల్లెల్లో ఇది మామూలే. పది మందికీ ఒకే వస్తువు కావలసివస్తే ఒకణ్ణి పంపుతారు. ఎక్కువ కొంటున్నాడని దుకాణదారు ధర తగ్గిస్తాడు, వెళ్లినవాడి పేర బిల్లు రాస్తాడు. ఏది ఎవరిదో ఊరందరికీ తెలుసు కాబట్టి కాగితం సంగతి ఎవరూ పట్టించుకోరు. అప్పలనాయుడు నాతో, ‘నాను ఎల్లి కొన్నాను, ఆళ్ల డబ్బులు ఆళ్లిచ్చీసేరు’ అని చెప్పాడు. నేను మూడో పేరాలో, అతను పదకొండు స్ప్రేయర్లు కొని, మిగిలిన పది మందికి ఇచ్చి, వారి వద్ద సొమ్ము పుచ్చుకున్నాడని రాశాను. డబ్బు ఎప్పుడు ఇచ్చారని అడగలేదు. గది నిండా మనుషులు మాట్లాడుతున్నారు. మధ్యలో ఆపి అడగడానికి మొహమాటపడ్డాను. జగ్గారావు గారు ఆ రోజు వేరే విచారణకు పరిగెత్తుతూ సంతకం చేశారు.

నోటీసు అందాక ప్రతివాది ముప్పై రోజుల్లో జవాబు వేయాలి. కమిషన్ ఒప్పుకుంటే ఇంకో పదిహేను రోజులు. కంపెనీ ఆఖరి రోజున వేసింది. అందులో నా మూడో పేరాను యథాతథంగా ఎత్తి రాశారు. ఫిర్యాది చెబుతున్న ప్రకారమే అప్పలనాయుడు సరుకు కొని తిరిగి అమ్మిన వ్యాపారి. తిరిగి అమ్మడానికి కొన్నవాడు చట్టం ప్రకారం వినియోగదారుడు కాడు. మిగిలిన పది మంది కొన్నది అతని దగ్గర, కాబట్టి అతన్నే అడగాలి. పైగా పది ట్యాంకులకు సైకిల్ ట్యూబు ముక్కలు అతికించి పాడుచేశారు. కారడం ఆపడానికి ట్యూబులు అతికించిన మాట నిజమే. అతికించని ట్యాంకు ఒక్కటే, నూకరత్నం వాళ్లది. దేముడు మంచాన పడ్డాక దాన్ని మళ్లీ ఎవరూ ముట్టుకోలేదు.

జవాబు చదివిన దగ్గర నుంచి నాకు కుదురు పోయింది. అన్నం ముందు కూర్చుని లేచిపోయేదాన్ని. పుస్తకం తీస్తే ఒకే పేజీ మీద గంట గడిచేది. డైరీలో ఆ వారం ప్రతి రోజూ ఆ మూడో పేరాయే రాసుకున్నాను, వేరే వేరే విధాలుగా, ఎలా రాసి ఉండాల్సిందో. జగ్గారావు గారు తిట్టలేదు. ‘రాసింది నువ్వు, చదవకుండా సంతకం పెట్టింది నేను. ముందు వాళ్లని పిలువు’ అన్నారు.

వాళ్లను కూర్చోబెట్టి, ఈసారి అడిగాను. డబ్బు ముందిచ్చారా, తర్వాతా?

‘ముందే గదమ్మా’ అంది నూకరత్నం. ‘మా అరుగు మీదే పోగేసేం. సాలకపోతే మా మరిది బండి తాకట్టెట్టేడు. డబ్బుల్లేకుండా ఈ అప్పలనాయుడు మావ పదకొండు కొంటాడేటి? ఈడి మొకానికి సైకిలే అరువు.’

అప్పలనాయుడు నొచ్చుకోలేదు. ‘నన్ను ఏపారస్తుణ్ణి సేసీసేరు కంపినీవోళ్లు. ఈ సంగతి మా ఇంటిదానికి సెప్పకండి లాయరమ్మా, లాబమేదని అడుగుద్ది’ అన్నాడు. అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

డబ్బు ముందే పోగేసి, తమ తరఫున ఒకణ్ణి పంపితే అది తిరిగి అమ్మడం కాదు. పదకొండు మందీ కొన్నవాళ్లే. అంత చిన్న సంగతి. దాన్ని చెబుతూ పదకొండు అఫిడవిట్లు, అంటే ప్రమాణం చేసి ఇచ్చే వాంగ్మూలాలు, తయారుచేశాను. వాటిని తీసుకోమని కమిషన్‌ను కోరాలి. ఆ వాయిదా రోజున జగ్గారావు గారికి చోడవరం కోర్టులో సాక్షుల విచారణ పడింది. నన్ను వెళ్లమన్నారు.

చోడవరం నుంచి విశాఖపట్నం దాకా బస్సులో నేను చెప్పాల్సిన నాలుగు వాక్యాలు వల్లె వేసుకుంటూనే ఉన్నాను. పక్క సీట్లో నూకరత్నం వేరుశనక్కాయలు ఒలిచి నా చేతిలో పెడుతూ ఉంది. కేసు పిలిచాక లేచాను. మూడు వాక్యాలు వచ్చాయి, నాలుగోది రాలేదు. కంపెనీ న్యాయవాది, తమ జవాబు చూశాక మేం కథ మారుస్తున్నారని అభ్యంతరం చెప్పారు. కమిషన్ అధ్యక్షులు నన్ను చూసి, ఫిర్యాదు రాసేటప్పుడు ఈ సంగతి మీకు తెలియదా అని అడిగారు. తెలుసుకోలేదండి, అడగవలసింది నేను, అడగలేదు అన్నాను. ఆయన కాసేపు కాగితాలు తిప్పి, అఫిడవిట్లు తీసుకున్నారు. వాటికి ఎంత విలువ ఇవ్వాలో తుది విచారణలో చూస్తామన్నారు. కంపెనీ బదులు చెప్పడానికి గడువిచ్చారు.

వరండాలోకి రాగానే కంపెనీ న్యాయవాది మర్యాదగా నూకరత్నాన్ని పలకరించారు. ఆమె ఒక్కర్తికీ కొత్త స్ప్రేయర్, వైద్యం ఖర్చు వెంటనే ఇప్పిస్తామని, ఆమె కేసు నుంచి తప్పుకుంటే చాలని నాతో చెప్పి ఆమెకు చెప్పమన్నారు. చెప్పడం నా బాధ్యత. రాజీ ప్రతిపాదన ఏది వచ్చినా కక్షిదారుకు పూర్తిగా తెలపాలి. చెప్పాను.

తిరుగు బస్సు ఎక్కాం. సబ్బవరం దాటాక ఆమె అడిగింది: ‘నాను తప్పుకుంటే మిగిలినోళ్లకేటవుద్ది?’

దాచకుండా చెప్పాను. లోపం ఉందో లేదో తేల్చడానికి ప్రయోగశాలకు పంపాల్సి వస్తే ట్యూబు అతికించని ట్యాంకు మీదొక్కటే. అది లేకపోతే మిగిలిన పది మంది కేసు నిలబడడం కష్టం. బిల్లు విషయంలో వాళ్లు ఇరుక్కుంది నా రాత వల్ల.

‘మీ రాత వల్ల అంటే?’

మూడో పేరా సంగతి మొత్తం చెప్పాను.

‘ఇన్నాళ్లూ కంపినీవోళ్లు పెద్ద తెలివైనోళ్లు అనుకుంటన్నాం’ అంది. ‘ఆళ్లకి మీరే అందించేరన్నమాట.’

అవునన్నాను.

‘మాటాడకుండా ఎలాగుంటారమ్మా మీరు? అడగాలి గదా. మేం మడుసులమే గదా.’ కోపంగా అనలేదు. అందుకే ఇంకా గుచ్చుకుంది. మళ్లీ తనే, ‘ఈయన పన్నెండు రోజులు పడుంటే మా సెరుక్కి మందు కొట్టింది అప్పలనాయుడు మావే. ఆడి ట్యాంకీ కూడా కారతన్నాదే. గోనె కప్పుకొని కొట్టేడు. నానెలాగ తప్పుకుంటాను?’ అంది.

ఇంట్లో అది పెద్ద గొడవైందని తర్వాత తెలిసింది. చేతికొచ్చింది తీసుకోమని దేముడు, ఊళ్లో తలెత్తుకోలేనని ఆమె. రెండు రోజులు అతను ఆమెతో మాట్లాడలేదు. మూడో రోజు ఆమె ఆఫీసుకు ఫోన్ చేసి, పదకొండూ మారిస్తేనే సంతకం అని కంపెనీకి చెప్పమంది. చెప్పాం. నాలుగు వాయిదాలు గడిచాయి. వాయిదా అంటే వాళ్లకు ఒక రోజు కూలి పోవడం. ప్రతిసారీ ఆమె ఈసారైనా ఒప్పుకున్నారా అని అడిగేది, నేను లేదనేదాన్ని. నా మొండితనం కాదు కదా ఇది, ఆమెది. అయినా ప్రతిసారీ అపరాధిలా నిలబడేదాన్ని. ఈలోగా మరో పంట చెరకుకు కలుపు వచ్చింది. పది మందీ గోనెలు కప్పుకుని అవే ట్యాంకులు మోశారు.

అయిదో వాయిదాకు ముందు కంపెనీ ఒప్పుకుంది. పదకొండు కొత్త స్ప్రేయర్లు, దేముడి వైద్యం ఖర్చు. రెండు షరతులు. మూడో కోరిక, అంటే కొన్నవాళ్లందరికీ తెలియజేయాలన్నది, వదులుకోవాలి. ఒప్పందం గురించి, పాత స్ప్రేయర్ల నాణ్యత గురించి ఫిర్యాదుదారులు బయటివాళ్లతో మాట్లాడకూడదు.

ఆఫీసులో అందరికీ తెలుగులో చదివి వినిపించాను. అడగనివి కూడా నేనే అడిగి మరీ చెప్పాను. నూకరత్నం, ‘మరైతే మిగిలిన ఊళ్లోళ్ల సంగతి?’ అంది. జగ్గారావు గారు నిదానంగా వివరించారు. ప్రమాదకరమైన వస్తువును వెనక్కి తీసుకోమని ఆదేశించే అధికారం కమిషన్‌కు ఉంది. కానీ అది తుది తీర్పులో. దానికి ప్రయోగశాల నివేదిక కావాలి, ఆ తర్వాత కంపెనీ అప్పీలుకు వెళ్తుంది. ఎన్నేళ్లో చెప్పలేను అన్నారు. చివరికి అప్పలనాయుడు వేలిముద్రల పెట్టె దగ్గరకు లాక్కుని, ‘ముందు మన ఈపులు కాసుకుందారి’ అన్నాడు. పదకొండు మందీ పెట్టారు. నూకరత్నం ఆఖరున పెట్టింది.

ఆ రాజీ పత్రానికి శుద్ధప్రతి రాసింది నేనే. అంత తప్పులు లేని కాగితం నేను అంతకు ముందు రాయలేదు, అంత ఇష్టం లేకుండా కూడా రాయలేదు.

నెల తర్వాత, రాజీని నమోదు చేస్తూ కమిషన్ ఇచ్చిన ఉత్తర్వు నకలు ఇవ్వడానికి వాళ్ల పల్లెకు వెళ్లాను. టీ దుకాణం దగ్గర దేముడు కొత్త స్ప్రేయర్ పక్కన పెట్టుకుని కూర్చున్నాడు. పక్క ఊరి రైతు ఒకతను, వీపున పాత రకంది తగిలించుకుని, టీ కోసం ఆగాడు.

‘కొత్తది కొన్నావేటి బావా? పాతది బాగానే ఉండీది గదా?’

‘సెప్పకూడదు’ అన్నాడు దేముడు.

‘ఎందుకూ?’

‘సెప్పకూడదు.’

‘ఎవులొద్దన్నారు?’

‘కంపినీ. కోర్టులో రాయించుకుంది. పదకొండు మందిమీ ముద్రలేసేం.’

ఆ రైతు గ్లాసు పక్కన పెట్టాడు. పట్టీలు విప్పి స్ప్రేయర్‌ను కిందకు దించాడు. దాన్ని బోర్లా తిప్పి అడుగు చూస్తూ చాలాసేపు కూర్చున్నాడు. దేముడు అతని వైపు చూడకుండా టీ తాగాడు.

ఆ సీజన్‌లో వడ్డాది దుకాణానికి అలాంటి పాత స్ప్రేయర్లు చాలా వెనక్కి వచ్చాయని విన్నాను. తర్వాతి ఏడు వచ్చిన రకంలో అతుకు వీపు వైపు లేదు. కంపెనీ దాని గురించి ఎక్కడా ఏమీ చెప్పలేదు.

పిల్లలు అడిగే ప్రశ్నకు నా జవాబు ఇది. కేసు వేసినవాళ్లకు మేలు జరిగింది, ఆలస్యంగా, అవసరం చాలావరకు తీరాక. వెయ్యనివాళ్లకు జరిగిన మేలు ఏ ఉత్తర్వులోనూ లేదు. కానీ కేసు లేకపోతే అదీ ఉండేది కాదు. ఇక రాసేవాళ్ల సంగతి. కక్షిదారు చెప్పింది చెప్పినట్టు రాస్తే పని అయిపోదు. ఎవరు, ఎవరికి, ఎప్పుడు అని మొదటి రోజే, గదిలో ఎంతమంది ఉన్నా సరే, అడగాలి. నేను అడగకపోవడం వల్ల పది మంది ఒక పంట అదనంగా గోనెలు కప్పుకోవాల్సి వచ్చింది.