ఊదారంగు వానపాము

రేవు ఇంకా పావుమైలు ఉందనగానే హాలిస్ పడవ ఆపేస్తాడు. గాలం దారాన్ని పళ్లతో కొరికి, పొద్దుటి నుంచి బాస్ చేపలను పట్టిచ్చిన ఊదారంగు రబ్బరు వానపామును పొగాకు డబ్బాలో దాచి, ఎర్రకళ్ల పసుపు చెక్కచేపను ఎరగా కట్టుకుంటాడు. టెనెసీలోని ఆ సరస్సు మీద ఎవరైనా ముందు చూసేది చేపను కాదు, ఎరను, ఆ రహస్యం కాజేయడానికి. "దీనికే పడ్డాయిరా, ఒట్టు," అంటాడు రేవులో అడిగినవాళ్లతో, చెవి గోక్కుంటూ. ఇరవై ఏళ్లుగా ఇదే వరస. మొన్నటిదాకా ఆ చెక్కచేపకు నీటి తడి తగల్లేదు.

మొన్న జూన్‌లో, ఆ ఒట్టు నమ్మి అలాంటి పసుపు చేపే కొన్న కుర్ర డ్వేన్ ఏడు పౌన్ల బాస్‌తో తిరిగొచ్చాడు. ఆ వారమంతా పసుపు చేప కట్టినవాళ్లదే పంట. వానపామును ఏ చేపా ముట్టలేదు. ఆరో రోజు హాలిస్ ఎవరూ లేని మూలకు పోయి, అటూ ఇటూ చూసి, తన చెక్కచేపను నీళ్లలోకి విసిరాడు. మధ్యాహ్నంలోపు మూడు పడ్డాయి.

తిరిగొస్తూ, పావుమైలు దగ్గర అలవాటుగా దారం కొరికి, చేపలు పట్టిచ్చిన చెక్కచేపను దాచేశాడు. కట్టడానికి డబ్బాలోని వానపాము తప్ప ఇంకేమీ లేదు.

రేవులో డ్వేన్ దాన్ని చూసి నవ్వాడు. "చాల్లే పెద్దాయనా, ఈ పాముకి చేపలు పడతాయా?"

"ఒట్టురా."

"మమ్మల్ని మరీ అంత వెర్రివాళ్లని చేయకు."

ఇరవై ఏళ్ల రహస్యం అందరి ముందూ వేలాడుతోంది. దాన్ని ఎవరూ కాజేయడం లేదని హాలిస్ మొహం చిన్నబోయింది.