మామిడి లేని తాండ్ర

మొన్న మనవరాలు ముచ్చటపడిందని విజయనగరంలో ఓ పెద్ద దుకాణంలో మామిడి తాండ్ర పొట్లం కొన్నాను. ముందువైపు నిగనిగలాడే బంగినపల్లి పండు బొమ్మ. వెనక్కి తిప్పి, కళ్ళజోడు పైకీ కిందికీ జరుపుకుంటూ ఆ చీమతలకాయలంత అక్షరాలు కూడబలుక్కుంటే, పంచదార, గ్లూకోజు పాకం, గుమ్మడి గుజ్జు, ఆ తర్వాతెక్కడో కాస్త మామిడి, పేర్లకి బదులు అంకెలు వేసిన ఏవో రంగులు, వాసనకి ఇంకేదో. ఒళ్ళు మండిపోయింది. కౌంటర్లో అమ్మాయిని నిలదీస్తే, అన్నీ రాసే ఉన్నాయి కదండీ అంది.

మన ఈడువాళ్ళకి తాండ్రంటే ఏమిటో చెప్పక్కర్లేదు. గజపతినగరంలో మా నాన్నకి కిరాణా కొట్టుండేది. ఆయన అక్క, అంటే మా మేనత్త, చిన్నవయసులోనే భర్త పోయి మా ఇంటికి వచ్చేసింది. వేసవి వస్తే చాలు, పెరట్లో ఈతచాపలు పరిచి, పళ్ళరసం పూత మీద పూత పోసి ఆరబెడుతూ, కాకుల్ని తోలుకుంటూ పగలంతా ఎండలోనే ఉండేది. ఆ తాండ్ర కోసం మా కొట్టుకి చుట్టుపక్కల ఊళ్ళనుంచి జనం వచ్చేవారు.

ఒక ఏడు గాలివానకి పిందెలు చాలావరకు రాలిపోయాయి. పెళ్ళిళ్ళవాళ్ళకి అప్పటికే మాటిచ్చేసిన నాన్న, ఎవరు చెప్పారో ఏమో, గంపెడు గుమ్మడికాయలూ, రంగుపొడి డబ్బా, ఎసెన్సు సీసా తెచ్చి అత్త ముందు పెట్టాడు. ఉన్న కాస్త మామిడిరసంలో కలిపేస్తే ఎవరికీ తెలియదన్నాడు. కొట్టు పరువు పోతుందని బతిమాలాడు. చివరికి ఆవిడ తన పంచన ఉంటున్న సంగతి కూడా గుర్తుచేశాడు.

అత్త సీసా మూత తీసి, వాసన చూసి, పక్కన పెట్టేసింది.

"పసోళ్ళు తింతారు, తమ్ముడా. గుమ్మిడికాయని మావిడని సెప్పి నాను సెయ్యను. పొమ్మంటే పోతాను."

నాన్న ఆ వేసవంతా ఆవిడతో మాట్లాడలేదు. అయినా వచ్చినవాళ్ళకల్లా ఈ ఏడు తాండ్ర లేదని తనే తలవంచుకుని చెప్పుకున్నాడు. అలిగి వేరే కొట్టుకి వెళ్ళినవాళ్ళలో కొందరు మళ్ళీ రానేలేదు. మరుసటి ఏడు కాపు వచ్చాక, మొదటి గంప పళ్ళు నాన్నే మోసుకొచ్చి అత్త ముందు దింపాడు.

కల్తీ ఈనాడే పుట్టిందని కాదు నా కోపం. అప్పుడు ఆ పని చేసే మనిషి సిగ్గుపడేవాడు, చాటు వెతుక్కునేవాడు. ఇప్పుడు దర్జాగా అచ్చువేసి, చదవకపోవడం మన తప్పంటున్నారు. పొట్లం మీది నంబరుకి ఫోన్ చేస్తే, రికార్డు చేసిన గొంతు ఏ భాష కావాలో నొక్కమంది. నాకు కావలసింది భాష కాదు. ఇది నీ పిల్లలకి పెడతావా అని మొహం చూసి అడగడానికి ఒక మనిషి కావాలి. ఆ మనిషి ఎక్కడుంటాడో ఇప్పుడు ఎవరికీ తెలియదు.