సుద్దగీత మీద బాపు నడక

పొద్దున లేచేసరికి వంటగది నుంచి గుమ్మం దాకా నేల మీద సుద్దగీత ఉంది. వీడియో కాల్‌లో డాక్టరమ్మ నడిపించి చూస్తుందని బాపు, అంటే మా నాన్న, గీసి పెట్టుకున్నాడు. ఆయనది బెహ్‌చెట్ అనే అరుదైన జబ్బు. ఒంటిని కాపాడాల్సిన శక్తి ఒంటి మీదే తిరగబడుతుంది. నిరుడు అది మెదడుకు పాకి, నడక తూలింది. మళ్లీ తూలితే ఈ కరోనాలో ఆస్పత్రిలో చేరాలి.

నేను ఫోన్ పట్టుకున్నాను. నడవమనగానే బాపు పక్కకు తిరిగి, పీతలా అడుగులేశాడు.

"అయ్యో, బ్యాలెన్స్ తప్పుతోందా?" అంది డాక్టరమ్మ.

"లేదు మేడం, జాగా సన్నగుంటే గిట్లనే నడుస్తం. సాంచెల నడుమ సీదా పోతే అంగీ గుంజుకుంటది."

పాతికేళ్లు జోల్వా అనే ఊళ్లో సాంచెల, అంటే మరమగ్గాల, మధ్య తిరిగిన కాళ్లు మరి.

"ఇది మనిల్లు బాపూ," అన్నాను.

"అవ్ గదా!" అని నవ్వి నేరుగా నడిచాడు. ఎక్కడా తూలలేదు. డాక్టరమ్మ ఆ జబ్బుకు వాడుతున్న స్టెరాయిడ్ మందు కొంచెం తగ్గించింది.

సాయంత్రం నుంచి బాపును చూసి సరదాగా నేనూ వంటగదిలోకి పక్కకు తిరిగే వెళ్తున్నాను. మీ ఇంట్లో ఎవరి పని వాళ్ల నడకలో కనిపిస్తుంది? చెప్పండి.

బాపు సాంచెల దగ్గరికి వెళ్లక పద్నాలుగు నెలలైంది.