రెండు యాభైకి పుట్టిన పిల్ల

మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో లారీలు తూచే కాంటా దగ్గర ఇరవై రెండేళ్లుగా పనిచేస్తున్నాను. చదువు పదో తరగతితో ఆగింది, లెక్కలు నాకు నేనే నేర్చుకున్నాను. అయినా ఒక మధ్యాహ్నం లెక్క నాకు తేలడం లేదు.

అది నా స్నేహితురాలి సంగతి. నేరేడుచర్ల అవతల ఊళ్లలో నర్సుగా పనిచేసేది. ఈ ఏడాది గుండె ఆగి చనిపోయింది. మగవాళ్ల బండి నడిపేది. టీకాల డబ్బా ముందు పెట్టుకొని వాగులు దాటేది. ఒకసారి నన్ను వెనక ఎక్కించుకుంది.

"ఏమే లెక్కలదానా, ఎన్ని గుంతలైనయ్?"

"నూట పద్నాలుగు. జర మెల్లగ పోవే తల్లీ."

"నూట పదిహేను," అంటూ కావాలనే ఇంకో గుంతలో దించింది.

ఏడేళ్ల కింద మా అమ్మ సూర్యాపేట దవాఖానలో ఉంది. కోతల రోజులు, నాకు సెలవు దొరకలేదు. నా స్నేహితురాలే సెలవు పెట్టి, "నువ్వు పో, నేను కూసుంట" అంది. అమ్మ మూడు ఇరవైకి పోయినట్టు దవాఖాన కాగితంలో ఉంది. నాలుగున్నరకు ఆమె ఫోన్ చేసింది. "నా చేతులనే పోయిందే. ఒక్కతే లేదు. నిన్ను తలుసుకుంది." నేను వెళ్లేసరికి మంచం పక్కనే ఉంది. పైజామా మోకాళ్ల పైదాకా తడిసి ఉంది. వాన కదా అనుకున్నాను. 'ఒక్కతే లేదు' అన్న మాట పట్టుకొనే ఇన్నేళ్లూ కుదురుగా ఉన్నాను.

మొన్న కోదాడలో, ఆమె ఇంట్లో జరిగిన జ్ఞాపకార్థ కూడికకు వెళ్లాను. ప్రార్థన అయ్యాక నేరేడుచర్ల వైపు నుంచి వచ్చిన ఒకామె, రెండో తరగతి చదివే కూతుర్ని పక్కన నిలబెట్టుకొని మాట్లాడింది. "వాగు పొంగింది, ఆటోలు బందు. పొద్దుగాల ఫోన్ చేస్తే సెలవుల ఉన్న అన్నది. అయినా తొడల్లోతు నీళ్లల్ల నడిచొచ్చి ఇంట్లనే కాన్పు చేసింది." తేదీ కూడా చెప్పింది. మా అమ్మ పోయిన రోజే. "రెండు యాభైకి పుట్టింది. సిస్టరమ్మ గడియారం సూసి రాసిచ్చింది. గా టైంకే జాతకం రాయించినం."

రెండు యాభై నుంచి మూడు ఇరవైకి ముప్పై నిమిషాలు. వాగు దాటి సూర్యాపేట చేరాలంటే గంటంబావుకు తక్కువ పట్టదు. ఎన్నిసార్లు వేసినా అంతే వస్తోంది.

నా పక్కన ఒక ముసలి ఆయమ్మ కూర్చుంది. స్నేహితురాలితో కలిసి చాలా కాన్పులు చూసిన మనిషి. నా ముఖం చూసి సంగతి అడిగి, చెవిలో అంది. "కాన్పు టైము నమ్మకమ్మా. అమావాస్యలో పుడితే పిల్లని ఇంట్లోవాళ్లు ఓ రకంగా చూస్తారని ఆవిడ టైము జరిపేది. గంటో, రెండు గంటలో. ఎవరికీ చెప్పొద్దనేది."

ఫోన్‌లో పంచాంగం తీశాను. ఆ రోజు అమావాస్య రెండు ముప్పై ఎనిమిదికి అయిపోయింది. అయితే పిల్ల ఒంటిగంటకే పుట్టి ఉండొచ్చు. అప్పుడు ఆమె అమ్మ దగ్గరికి చేరి ఉండొచ్చు. లేదా నిజంగానే రెండు యాభైకి పుట్టి ఉండొచ్చు. అప్పుడు నాకు చెప్పింది అబద్ధం. వాళ్లకో నాకో, ఎవరో ఒకరికి లేనిది చెప్పింది. ఎవరికో తెలియడం లేదు. కోపం తెచ్చుకోవాలో వద్దో కూడా తెలియడం లేదు.

భోజనాలప్పుడు ఆ తల్లి పక్కన కూర్చున్నాను.

"పిల్ల పుట్టినంక సిస్టరమ్మ ఎంతసేపున్నది?"

"ఏడ ఉన్నది అక్కా! మాయ పడంగనే పిల్లను మా అత్త చేతుల పెట్టి ఉరికింది. చాయ్ గూడ తాగలే."

"అప్పటికి మీ ఇంట్ల పగటి అన్నాలు అయినయా?"

ఆమె చెయ్యి ఆకు మీద ఆగింది. "ఎందుకడుగుతున్నవక్కా? టైంల ఏమన్న తేడా ఉన్నదా?" ఎడమచేత్తో కూతుర్ని దగ్గరికి లాక్కుంది. పిల్ల అరటిపండు ఒలుచుకుంటూ నన్నే చూస్తోంది.

ఇంకొక్క మాట అడిగితే తేలిపోయేదేమో.

"ఏం లేదమ్మా," అన్నాను. "రెండు యాభైయే. ఆమె టైం ఎన్నడూ తప్పు రాయలే."

ఆమె ఊపిరి వదిలి, నా ఆకులో ఇంకొంచెం అన్నం పెట్టమని వడ్డించేవాళ్లను కేకేసింది. నేను తలవంచుకొని తిన్నాను. నా మాట ప్రకారమైతే మా అమ్మ ఒక్కతే పోయింది.