చిరగనని మొరాయించిన తెర

ముందే ఒప్పేసుకుంటున్నాను: నేను పెంచి చెబుతాను. నా నోట్లో పడితే చీమ ఏనుగవుతుంది, ఆ ఏనుగు మీద పెళ్లి ఊరేగింపు కూడా బయలుదేరుతుంది. మా అమ్మ నా మాటల్లో మూడొంతులు తీసేసి మిగిలింది నమ్ముతుంది. మా ఆవిడ ఆ మిగిలింది కూడా నమ్మదు. మీరు ఎంత తీసేసుకుంటారో మీ ఇష్టం.

గార్డెన్ రీచ్‌లో హుగ్లీ ఒడ్డున మా తెలుగు క్రైస్తవుల గుడి ఉంది. ఆరు పంకాలున్న హాలు. అందులో ఒకటి ఎంత నెమ్మదిగా తిరుగుతుందంటే, దాని రెక్క మీద ఒక బల్లి ప్రసంగం మొదట్లో ఎక్కి, ఆమెన్ దగ్గర దిగుతుంది. ఆ గుడిలో ఆఖరి బెంచీ మా చిన్నాన్నది. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ముప్పై ఏళ్లు ఈ నగరపు మురుగు కాలువల్లోకి దిగి పనిచేసినవాడు. రిటైరై పదేళ్లయింది. ఈ పదేళ్లలో ఆయన ఒళ్లు రుద్దుకున్న సబ్బు నురుగుకి హుగ్లీ నది డైమండ్ హార్బర్ దాకా తెల్లబడింది. అయినా ఆయనకి తాను ఇంకా శుభ్రపడినట్టు లేదు.

మా గుడిలో ప్రభువు బల్ల దగ్గర, రొట్టె, ద్రాక్షరసం ఇచ్చేటప్పుడు, అందరికీ ఒకటే గిన్నె. ఒకరు తాగాక పాస్టరు గారు అంచు గుడ్డతో తుడిచి రెండోవారికి ఇస్తారు. చిన్నాన్న ఎప్పుడూ వరసలో ఆఖర్న నిలబడేవాడు. ఎందుకని అడిగితే ఒకసారి చెప్పాడు.

"ఒరే, ఈ నోటితోటే ముప్పయ్యేళ్లు మురుగుగాలి పీల్చినాను. ఆఖర్ని నేను మూతెడితే ఎవుడికీ ఇబ్బంది నేదు."

ఆయన్ని అలా నిలబడమని ఎవరూ అనలేదు. వద్దనీ ఎవరూ అనలేదు. అది నాకు మింగుడుపడక, ఈ ఏడు గుడ్ ఫ్రైడేకి ఆయన్ని వరసలో నా ముందు నిలబెట్టి తీరతానని శపథం పట్టాను. "నిలబెట్టకపోతే మీసం తీసేస్తాను" అని ఇంట్లో అన్నాను. నాకు మీసం లేదు, అది వేరే సంగతి.

మా గుడిలో గుడ్ ఫ్రైడేకి ఒక పద్ధతి ఉంది. మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా ఆరాధన. బల్లకి అడ్డంగా పెద్ద ఎర్ర తెర కడతాం. ప్రభువు ప్రాణం విడిచిన మాట చదివినప్పుడు, యెరూషలేము దేవాలయంలో దేవుడి సన్నిధికి అడ్డంగా ఉన్న తెర చిరిగినట్టే, మా తెర పైనుంచి కిందికి రెండుగా విడిపోవాలి. వెంటనే రొట్టె, గిన్నె ఇస్తారు. తెర మధ్య కుట్టు వదులుగా వేయించి, పైన రెండు తాళ్లు కట్టి, చెరో పక్క నుంచి లాగుతాం. పాత తెర చిమటలు తినేశాయి. కొత్తది కుట్టించే భాగ్యం నాకు దక్కింది.

మెటియాబ్రుజ్‌లో ఒక ముసలి దర్జీ దగ్గరికి వెళ్లాను. "ఎలాంటి పర్దా కావాలి దాదా?" అన్నాడు. అంతే, నాకు పూనకం వచ్చింది.

"చాచా, దేవుడి ఇంటి పర్దా అంటే మామూలుదనుకున్నారా? నాలుగు వేళ్ల మందం! అటో జత ఎద్దులు, ఇటో జత ఎద్దులు కట్టి లాగినా నూలుపోగు కదలకూడదు!"

ఆయన కళ్లద్దాల వెనక కళ్లు మెరిశాయి. "ఖుదా ఇంటిదా? ఫికర్ చెయ్యకు దాదా. నా కుట్టు మీద ఇప్పటిదాకా మాట రాలేదు" అన్నాడు.

ఎద్దుల వర్ణనలో పడి, మధ్య కుట్టు వదులుగా ఉండాలన్న ఒక్క ముక్క చెప్పడం మరిచిపోయాను.

గుడ్ ఫ్రైడే రోజు మూడవుతోంది. ఒక తాడు నా చేతిలో, రెండోది న్యూటౌన్‌లో ఐటీ ఉద్యోగం చేసే నేను తమ్ముడని పిలిచే వరంగల్ కుర్రాడి చేతిలో. పాస్టరు గారు ఆ మాట చదివారు. లాగాం. తెర కదల్లేదు. మళ్లీ లాగాం. తెర కట్టిన వెదురు విల్లులా వంగింది గానీ, కుట్టు నవ్వుతూ నిలబడింది.

"అన్నా, ఇది చినుగుతలేదే!" అని అటు నుంచి తమ్ముడు.

"గట్టిగా గుంజు!"

"ఇంక గుంజితే నేనే చినుగుత!"

పాస్టరు గారు అదే వచనం మళ్లీ చదివారు. మూడోసారి చదివారు. ఆడవాళ్ల వైపు నుంచి గుసగుసలు లేచాయి. "ఏటయింది? దేవుడికి ఇష్టం నేదేటే?" అందొకావిడ. మా అమ్మ గొంతు గుడంతా వినబడింది. "దేవుడికి కాదమ్మా. మావోడు కుట్టించినాడు."

ఆఖరి బెంచీలోంచి చిన్నాన్న లేచి గోడ వారగా నా దగ్గరికి వచ్చాడు.

"ఏటిరా, చింపడానికి కుట్టించినావా, ఓడకి తెరచాప కుట్టించినావా?"

"పైన మొదటి కుట్టు తెగితే చాలు చిన్నాన్నా, మిగతాది వచ్చేస్తుంది."

"నిచ్చెనేదీ?"

"తెర వెనకాల. బల్ల పక్కన."

ఆయన ఆగిపోయాడు. తెర వెనక అంటే పాస్టరు గారు నిలబడే గట్టు. తన పెళ్లి రోజున కూడా ఆ గట్టు ఎక్కనని కిందే ప్రమాణం చేసిన మనిషి. "పనికే గదా" అనుకుని పక్క తలుపులోంచి లోపలికి వెళ్లాడు.

పని అనే మాటకి ఆయన ఎప్పుడూ వెనక్కి తగ్గలేదు. బతుకంతా నిచ్చెన దిగడమే పని. ఆ రోజు ఎక్కాడు. వక్కలు కోసుకునే చాకుతో పై కుట్టు కోశాడు. మేమిద్దరం ఉన్న బలమంతా పెట్టి లాగాం.

పర్ర్‌ర్‌మని పైనుంచి కింది దాకా! ఆ చప్పుడుకి పక్కనున్న ఓడల కార్ఖానాలో సగం కట్టిన ఓడ, తనని నీళ్లలోకి దింపుతున్నారనుకుని కదిలింది. నేనొక పక్క, వరంగల్ తమ్ముడొక పక్క వెల్లకిలా పడ్డాం. లేచి చూస్తే ఎదురుగా రొట్టె, గిన్నె, వాటి పక్కన నిచ్చెన మీద చాకు పట్టుకుని మా చిన్నాన్న. గుడి గుడంతా ఆయన్నే చూస్తోంది.

ఆయన గబగబా దిగాడు. "పనైపోనాది అయ్యగారూ. ఎల్తాను."

పాస్టరు గారు చెయ్యి పట్టుకున్నారు. "ఎక్కడికి పెద్దాయనా?"

"ఆఖర్ని తీసుకుంటానండి, అలవాటు."

"ఆఖరి చోటు ప్రభువు తీసేసుకున్నాడండీ. ఊరి బయట, సిలువ మీద. అక్కడిక ఖాళీ లేదు. మీరు ఇక్కడే ఉండాలి."

చిన్నాన్న రొట్టె అందుకున్నాడు. గిన్నె పట్టుకుని, అందరికంటే ముందు తాగాడు. తుడిచే గుడ్డ తెరతోపాటు కిందపడి ఎక్కడో కలిసిపోయింది. పాస్టరు గారు దానికోసం వెతకలేదు. గిన్నె అలాగే వచ్చింది. ఆయన తర్వాత నేను తాగాను. ఆ తర్వాత గుడంతా తాగింది.

నా గుండె పూజ పందిట్లో వాయించే ఢాకీల డప్పులా మోగింది! యాభై ఏళ్లుగా క్రీస్తు చనిపోయింది నా పాపాల కోసమని విన్నాను, నమ్మాను, ఇంటికి పోయి చేపల పులుసు తిన్నాను. ఆయన చావుతో దేవుడికీ నాకూ మధ్య బట్ట పోయిందంటే, నాకూ నా పక్కవాడికీ మధ్య బట్ట ఇక ఏ కొక్కేనికి వేలాడుతుంది? దేవుడితో ఏకం కావడమంటే నేనొక్కణ్ణే ఆయన ఒడిలోకి ఎగబాకడం అనుకున్నాను. ఆయన ఒడిలో అప్పటికే చిన్నాన్న ఉన్నాడు. చిన్నాన్నని ఆనుకుని కూర్చోకుండా అక్కడ చోటు దొరకదు. పైగా ఆయన అర్హత సంపాదించుకుని లోపలికి వెళ్లలేదు. పని మీద వెళ్లాడు. తెర విడిపోయేసరికి లోపల ఉన్నాడు, అంతే!

ఇక, కల్పించిన భాగం. బల్లి నిజం. ఎద్దుల మాట నిజం, దర్జీని అడగండి. ఓడ సంగతి మీరే తీసేసి ఉంటారు. అసలు అబద్ధం ఒక్కటే: చిన్నాన్న తర్వాత నేను తాగానన్నది. పక్కనే ఉన్నాను, నిజమే. తుడవని గిన్నె నా ముందుకి వచ్చింది. శపథం పట్టిన నేను అర అడుగు వెనక్కి వేశాను. సబ్బుని కూడా కడిగిగానీ వాడని మా అమ్మ నన్ను మోచేత్తో పక్కకి నెట్టి, "ఇలగ ఇయ్యండి అయ్యగారూ, మా మరిది తాగిందే గదా" అని తాగేసింది. నేను మూడోవాణ్ణి.

అర అడుగన్నాను కదా. పూర్తి అడుగే.